శనివారం నుంచి వెనక్కి లెక్క: వెలిగొండ, నల్లమల గుళ్ళకు నాలుగు రోజుల దోవ

గిద్దలూరు దగ్గర నల్లమలలో ఉన్న నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి తలుపులు శనివారం తప్ప తెరవరు. ఈ యాత్ర మొత్తానికీ పట్టు అక్కడే ఉంది. సెలవులు కలిసొస్తాయని శనివారం పొద్దున నెల్లూరులో బయల్దేరి, పెంచలకోనతో మొదలుపెట్టి, మంగళవారానికి గిద్దలూరు చేరితే మూసిన తలుపులకు దణ్ణం పెట్టుకుని రావాల్సిందే. లెక్క చివరి నుంచి వేసుకోవాలి. శనివారం నెమలిగుండ్ల, శుక్రవారం భైరవకోన, గురువారం ఘటిక సిద్ధేశ్వరం, బుధవారం పెంచలకోన. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. పెంచలకోన నరసింహస్వామి గుడికి శనివారం వచ్చే జనం బుధవారం రారు.

నెల కూడా ఇలాగే చూసుకోవాలి. నెల్లూరు వైపు పెద్ద వాన ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. గిద్దలూరు పక్క నల్లమలకు మాత్రం జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడే నైరుతి వానే ముఖ్యం. అందుకే ఆగస్టులో వెళితే నెమలిగుండంలో నీళ్ళు దూకుతుంటాయి, పెంచలకోనలో బండలు ఎండిపోయి ఉంటాయి. సంక్రాంతి దాటాక వెళితే పెంచలకోనలో ధార ఉంటుంది, నెమలిగుండ్లలో సన్నబడుతుంది. రెండు చోట్లా నీళ్ళు చూడాలంటే కార్తీకం రెండో సగం, మార్గశిరం. నవంబరులో వాయుగుండం వార్త వస్తే మాత్రం ప్రయాణం వారం వాయిదా వేయాలి. ఏప్రిల్, మే నెలల్లో ఈ కొండలకు రావడం సాహసం అనిపించుకోదు, తెలివితక్కువతనం అనిపించుకుంటుంది.

జిల్లాల గీతలు ఈ మధ్య మారుతూ వచ్చాయి కాబట్టి ఇక్కడ చెప్పేదంతా పాత నెల్లూరు, పాత ప్రకాశం లెక్కే. ఊరి పేరు, మండలం పేరు గుర్తుంటే చాలు.

బయల్దేరే ముందు

నలుగురి నుంచి ఆరుగురు ఉంటే మంచిది. ఇద్దరే అయితే ఒకరికి కాలు మెలిక పడ్డప్పుడు రెండోవాళ్ళు మోయలేరు. పదిమంది దాటితే ముందువాళ్ళు, వెనకవాళ్ళు అడవిలో విడిపోతారు. కొండ ఎక్కే రోజు మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు లెక్కేసుకోవాలి. అందులో మూడు లీటర్లు వీపు మీద సంచిలో, ఒక లీటరు బండిలో. తిరిగొచ్చాక తాగడానికి బండిలో నీళ్ళు లేకపోవడమే ఎక్కువమందికి ఎదురయ్యే ఇబ్బంది. ఓఆర్ఎస్ పొట్లాలు మనిషికి రోజుకు రెండు.

తిండికి పులిహోరను మించింది లేదు. నలుగురికి కిలో బియ్యం, వంద గ్రాముల చింతపండు సరిపోతాయి. నూనె ఇంట్లో చేసేదానికంటే కొంచెం ఎక్కువ పడాలి. అన్నాన్ని పళ్ళెంలో ఆరబోసి పూర్తిగా చల్లారాకే కట్టుకోవాలి. వేడిమీద మూతపెడితే ఆవిరి నీరై లోపల కారుతుంది, మధ్యాహ్నానికే జిగురొస్తుంది. పొరపాటు చింతపండుది కాదు, తొందరది. పెరుగన్నం, కొబ్బరి పచ్చడి ఈ ప్రయాణానికి పనికిరావు. అటుకులు, వేరుశెనగ ఉండలు, నిమ్మకాయలు, కాస్త ఉప్పు విడిగా ఉంచుకోవాలి.

కాళ్ళకు రబ్బరు అడుగున్న కాన్వాసు బూట్లు. తోలు చెప్పులు తడిబండ మీద నిలవవు, హవాయి చెప్పులు రెండో మలుపులోనే తెగుతాయి. ఛాతీ ఎత్తు వెదురు కర్ర, తలకు కట్టుకునే లైటు, ఇరవై మీటర్ల నైలాను తాడు, పాత కాటన్ మేజోళ్ళు రెండు జతలు తీసుకోవాలి. మేజోళ్ళు చలికి కాదు. గుడి ముందు బూట్లు విప్పాక, పదకొండు దాటితే బండ పెనంలా కాలుతుంది. గుమ్మం దాకా వేసుకుని అక్కడ తీసేయొచ్చు.

మచ్చుకత్తి, గొడ్డలి మాత్రం తేవద్దు. రాపూరు, ఉదయగిరి అడవుల్లో ఎర్రచందనం ఉంది. చెక్‌పోస్టు దగ్గర సంచిలో కత్తి కనబడితే పూజసామాను చూపించినా మాట వినరు, వినాల్సిన పనీ లేదు. కొబ్బరికాయ కొట్టడానికి గుడి దగ్గర రాయి ఉంటుంది.

మొదటి రోజు, బుధవారం: పెంచలకోన

నెల్లూరు నుంచి పొదలకూరు, రాపూరు, గోనుపల్లి మీదుగా సుమారు 80 కిలోమీటర్లు. చీకటితోనే ఐదింటికి కదిలితే ఏడున్నరకు కోనలో ఉంటారు. టిఫిను, పెట్రోలు రాపూరులోనే ముగించాలి.

ఇక్కడ స్వామి చెక్కిన విగ్రహం కాదు, పెనవేసుకున్నట్టున్న శిల. పెనుశిల అన్న పేరే నోళ్ళలో నలిగి పెంచల అయింది. నెల్లూరు జిల్లాలో ఏ బడి హాజరుపట్టీ తీసినా పెంచలయ్య, పెంచలమ్మ, పెంచలరెడ్డి కనబడేది అందుకే. చెంచులక్ష్మిని స్వామి మనువాడాడని ఆదిలక్ష్మి అలిగి దూరంగా వెళ్ళిందని చెబుతారు. ఆమె గుడి కాస్త ఎడంగానే ఉంది. పక్కన పారే ఏరు కణ్వ మహర్షి పేరు మోస్తుంది, అదే కిందికి పోయి కండలేరు అవుతుంది.

చాలామంది ముందు దర్శనం చేసుకుని, తర్వాత కోనలోకి నడుస్తారు. అలా చేస్తే ఎండపొద్దున ఎక్కాల్సి వస్తుంది. ముందు కోనలోకి వెళ్ళి, పదిన్నరకల్లా దిగి, ఏట్లో స్నానం చేసి, తడి ఆరాక దర్శనానికి వెళ్ళడమే సుఖం. ఆచారానికి కూడా స్నానం తర్వాతే దర్శనం కదా. మధ్యాహ్నం తలుపులు మూస్తారు కాబట్టి ఆలస్యం చేయకూడదు.

గుడి వెనక దోవ కాసేపటికే దోవ కాకుండా పోతుంది. మిగిలేవి ఏటి బండలే. ఏ బండ మీద కాలు పెట్టాలన్నది తెలిస్తే సగం యాత్ర తెలిసినట్టే. తెల్లగా, గరుగ్గా, ఎండ తగిలే బండ కాలిని పట్టుకుంటుంది. నల్లగా నిగనిగలాడే బండ మీద సన్నటి పాకుడు ఉంటుంది. కంటికి తడిలాగే కనిపిస్తుంది గాని కాలికి సబ్బులా తగులుతుంది. అలాంటి చోట నిలబడి దాటాలని చూడొద్దు, కూర్చుని జరగాలి. పంచె తడిస్తే ఆరుతుంది, తుంటి విరిగితే ఆరు నెలలు. ఒక బండ నుంచి ఇంకో బండకు దూకడం కుర్రాళ్ళకు సరదా. పడేది దూకినప్పుడు కాదు, దిగిన కాలు ఆగనప్పుడు.

గుండాల్లో దిగొద్దు. పైనుంచి చూస్తే మొలలోతు అనిపించే గుండం, ధార పడే చోట మనిషి మునిగేంత లోతు ఉండొచ్చు. నీళ్ళు దూకే చోట అడుగున బండ కోసుకుపోయి గుహలా ఉంటుంది, కింద తిరిగే సుడి అక్కడికే లాగుతుంది. ఈతగాళ్ళు కూడా ప్రాణాలు పోగొట్టుకునేది ఇలాంటి తావుల్లోనే. అంచున కూర్చుని చెంబుతో పోసుకున్నా పుణ్యం తగ్గదు.

కోన అంటే గరాటు. మన నెత్తిన ఎండ కాస్తున్నా కొండ మీద ఎక్కడో పడ్డ వాన అంతా ఇందులోంచే దిగుతుంది. తేటనీళ్ళు ఉన్నట్టుండి ఎర్రబారినా, ఎండుటాకులు, పుల్లలు గుంపుగా కొట్టుకొచ్చినా, నీటి చప్పుడు మారినా సామాను చూసుకోకుండా గట్టెక్కాలి. ఏటి వెంట కిందికి పరుగెత్తకూడదు, పక్కకు ఎక్కాలి. కిందికి పరుగెత్తే మనిషి కంటే నీళ్ళే ముందుంటాయి.

పెద్ద బండల అంచుల కింద వేలాడే నల్లటి తుట్టెలు కొండ తేనెటీగలవి. అత్తరు, సెంటు పూసుకుని వెళ్ళొద్దు. తుట్టె కింద ఊదొత్తి, కర్పూరం వెలిగించొద్దు, పొగకు కదిలాయంటే ఇక ఆగవు. అవి లేస్తే చేతులు విసరకుండా, తలకు తువ్వాలు కప్పుకుని, వచ్చిన దోవనే వెనక్కి నడవాలి. నీళ్ళలో మునిగితే ఉపయోగం లేదు. తల ఎత్తేదాకా పైనే తిరుగుతాయి.

ఇది పెనుసిల నరసింహ అభయారణ్యంలో భాగం. ఒక్కోరోజు అటవీ సిబ్బంది పైకి వదలరు. కారణం వాగో, ఎలుగో, దుంగల దొంగలో అయి ఉంటుంది. వాదించకుండా గుడి దర్శనంతో సరిపెట్టుకోవాలి.

భోజనం చేసి రెండింటికల్లా బయల్దేరితే కలువాయి మీదుగా, పెన్న దాటి, ఆత్మకూరు చేరి, పొద్దుగుంకే వేళకు ఉదయగిరిలో ఉండొచ్చు. రాత్రి మకాం అక్కడే.

రెండో రోజు, గురువారం: ఉదయగిరి నుంచి ఘటిక సిద్ధేశ్వరం

ఉదయగిరి కొండ ఎత్తు 3,079 అడుగులు. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్ళి గుడి కట్టించాడు. కోట ఎక్కాలంటే ఒక పూర్తి పగలు కావాలి. ఈ నాలుగు రోజుల్లో దాన్ని ఇరికించాలని చూస్తే శనివారం తప్పిపోతుంది. కింద నుంచి చూసి కదలడమే మేలు. చెక్క గరిటెలు మాత్రం కొనుక్కోండి. ఇక్కడి చెక్క చెంచాలు, గరిటెలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పులిహోర కలపడానికి వీటికి మించినవి లేవు.

సీతారాంపురంలో ఆగి చేయాల్సిన పని ఒకటుంది: బియ్యం, కందిపప్పు కొనడం. ఘటిక సిద్ధేశ్వరంలో వచ్చినవాళ్ళందరికీ అన్నం పెడతారు. ఈ పద్ధతి వెనక ఉన్న మనిషి అవధూత కాశినాయన. పుట్టింది ఈ మండలంలోని బెడుసుపల్లెలో, 1895లో. 1995లో కాలం చేసేదాకా అడవుల్లో పాడుబడ్డ గుళ్ళను వెతికి పట్టుకోవడం, బాగుచేయడం, అక్కడ పొయ్యి వెలిగించడం, ఇదే ఆయన పని. జ్యోతి క్షేత్రం, అహోబిలం వంటి చోట్ల ఆయన పేరుమీద నడిచే అన్నసత్రాలు చాలామందికి తెలుసు. సిద్ధేశ్వరం గుడి మళ్ళీ నిలబడిందీ ఆయన వల్లే. నలుగురు వెళ్ళేటప్పుడు ఐదు కిలోల బియ్యం, రెండు కిలోల పప్పు తీసుకెళ్ళి వంటశాలలో ఇస్తే సరిపోతుంది. హుండీలో వేసే నోటు కంటే పొయ్యి దగ్గర దించే మూటకే అక్కడ మర్యాద ఎక్కువ.

సీతారాంపురం దాటాక అడవి దోవ. బండి పోతుంది గాని, వానలు పడ్డాక అడ్డమొచ్చే వాగుల దగ్గర డ్రైవరు దిగి కర్రతో లోతు చూడాలి. మోకాలు దాటితే ఆగిపోవడమే. బురదలో చక్రం దిగబడ్డప్పుడు ఇంజను అరిపిస్తే ఇంకా దిగుతుంది. చక్రం ముందు ఎండుకొమ్మలు, చిన్నరాళ్ళు పరిచి నెమ్మదిగా లాగాలి. నడిచేవాళ్ళు ఉదయం తొమ్మిదిలోపు అడవిలోకి దిగాలి. గుంపుగా, మాట్లాడుకుంటూ నడిస్తే ఎలుగుబంటి తనంతట తనే తప్పుకుంటుంది. నిశ్శబ్దంగా వెళ్ళి మలుపులో ఎదురుపడటమే ప్రమాదం.

అగస్త్యుడు ఒక్క ఘటిక, అంటే ఇరవై నాలుగు నిమిషాలు, తపస్సు చేసిన చోటని స్థలపురాణం. ఇక్కడ అమ్మవారు ఇష్టకామేశ్వరి. ఆ పేరు వినగానే శ్రీశైలం అడవిలోని ఇష్టకామేశ్వరే అందరికీ గుర్తొస్తుంది. జీపుల్లో పోయే ఆ గుడి వేరు, ఇది వేరు. ఫోనులో పేరు కొట్టి దారి అడిగితే ఆ అడవికి తీసుకెళ్ళి వదులుతుంది. ఎలాగూ లోపల సిగ్నలు దొరకదు, మ్యాపు సీతారాంపురంలోనే దించుకోవాలి.

కోతుల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ప్లాస్టిక్ కవరు చప్పుడైతే చాలు వచ్చేస్తాయి. ఎరుపు, పసుపు రంగు కవర్లు చేతిలో వేలాడదీసుకుంటే పిలిచినట్టే. అరటిపళ్ళు, కొబ్బరికాయలు జిప్పున్న గుడ్డసంచిలో వీపుకు తగిలించుకోవాలి. కోతి సంచి పట్టుకుంటే లాగకూడదు, వదిలేయాలి. కరిచాక సూది కోసం ఉదయగిరి దాకా పోవాల్సి వస్తుంది.

రాత్రి గుడి దగ్గరే నిద్ర చేసే ఆనవాయితీ ఉంది. చాప, దుప్పటి తెచ్చుకున్నవాళ్ళు ఉండొచ్చు. పడుకునే ముందు చాప దులపాలి, బూట్లు తలకిందులుగా పెట్టాలి, చీకట్లో లైటు లేకుండా ఒక్క అడుగు వేయకూడదు. రాళ్ళ సందుల్లో, ఎండుటాకుల్లో రక్తపింజర ఉంటుంది. కాటేస్తే కట్టు బిగించడం, గాయం కోయడం, నాటుమందు కోసం తిరగడం, ఈ మూడూ చేయకూడదు. కాటుపడ్డ కాలు కదలకుండా చూసి, మనిషిని నడిపించకుండా మోసుకుని, విషానికి విరుగుడు సూది ఉండే పెద్దాసుపత్రికి చేర్చాలి. గుడి దగ్గర ఆగే వాహనాల్లో ఒక్కటైనా బయటికి తిప్పి పెట్టి ఉంచడం అందుకే.

మూడో రోజు, శుక్రవారం: భైరవకోన

తెల్లవారుతూనే కదలాలి. దీనికి కారణం కొండ రాతిలోనే ఉంది. భైరవకోనలో ఒకే కొండకు తొలిచిన శివాలయాలు ఎనిమిది. ఏడు తూర్పు మొగం, ఒకటి ఉత్తరం. పొద్దున్నే ఎండ ఏటవాలుగా గుహల్లోకి వెళుతుంది, ద్వారపాలకుల మొహాలు, స్తంభాల అడుగున కూర్చున్న సింహాలు అప్పుడే స్పష్టంగా కనిపిస్తాయి. పది దాటితే ఎండ పైకెక్కుతుంది, బయట మెరుపు ఎక్కువై లోపలంతా నల్లగా అయిపోతుంది. మధ్యాహ్నం వచ్చినవాళ్ళు గుహలు చూశామంటారు గాని, నిజానికి వాళ్ళు చూసింది చీకటిని. ఉత్తరం గుహకు ఎప్పుడైనా లైటు కావాల్సిందే.

సీతారాంపురం వైపు నుంచి అంబవరం కొత్తపల్లి చేరితే కోన దగ్గరే. కనిగిరి వైపు నుంచి వచ్చేవాళ్ళు పామూరు, సి.ఎస్.పురం మీదుగా వస్తారు.

శశినాగలింగం, రుద్రలింగం, విశ్వేశ్వరుడు, నగరికేశ్వరుడు, భర్గేశ్వరుడు, రామేశ్వరుడు, మల్లికార్జునుడు, పక్షఘాతలింగం, ఇలా ఎనిమిదికీ ఎనిమిది పేర్లు. ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటి పని అని చెబుతారు, పల్లవుల పోకడ కనబడుతుంది. గోడ, స్తంభం, ద్వారపాలకుడు అంతా ఆ కొండరాయే. లింగాలు మాత్రం వేరే రాయితో చేసి ప్రతిష్ఠించినవి. చేతిదీపం పక్కనుంచి పట్టి చూస్తే రాయి రంగులోని ఆ తేడా తెలిసిపోతుంది. చెక్కిన బొమ్మల మీద పసుపు, నూనె రాయకూడదు. పదమూడు వందల ఏళ్ళు వానకు తట్టుకున్న రాయిని మనం రాసే నూనె జిడ్డు పదేళ్ళలో నల్లగా చేస్తుంది.

మూడు ముఖాల దుర్గాంబను వరసలో చివరికి అట్టిపెట్టుకోవాలి. కార్తీక పున్నమి రాత్రి చంద్రకాంతి అమ్మవారి మీద పడుతుందని వేలమంది వస్తారు. పున్నమి చంద్రుడు పొద్దు కుంకే వేళకు తూర్పున లేస్తాడు, గుహల మొగమూ తూర్పే, పైగా ఎదురుగా పారే నీళ్ళు. చెక్కినవాళ్ళు ఇవన్నీ చూసుకునే చోటు ఎంచుకున్నారని అనుకోవడం తప్పేమీ కాదు. ఆ రాత్రికి రావాలనుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి, అది మన ఈశాన్య వానల కాలం. మబ్బుంటే కనబడేది జనమే.

పక్కనే రెండు వందల అడుగుల ఎత్తు నుంచి దూకే జలపాతం. ధార గట్టిగా ఉన్న రోజుల్లో తుంపర గుహల ముందు బండను తడుపుతుంది, అక్కడే జారతారు. కెమెరా కళ్ళకు పెట్టుకుని వెనక్కి అడుగువేయడం ఇక్కడ అస్సలు కూడదు.

పన్నెండుకు బయల్దేరాలి. నీళ్ళ డబ్బాలు నింపుకునేటప్పుడు ఒక మాట: కనిగిరి వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎక్కువ. ఒక పూట తాగితే ఏమీ కాదు, కానీ బోరునీళ్ళ కంటే శుద్ధి చేసిన నీళ్ళ డబ్బా కొనుక్కోవడమే మంచిది. కనిగిరి నుంచి బేస్తవారిపేట, కంభం మీదుగా గిద్దలూరు చేరాలి. మధ్యలో వెలుతురుంటే కంభం చెరువు కట్ట మీద పావుగంట ఆగండి. విజయనగర కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెప్పే ఈ చెరువుకు నీళ్ళిచ్చేది గుండ్లకమ్మ. రేపు చూడబోయే గుండం ఈ నీటికి ఎగువన ఉంది.

నాలుగో రోజు, శనివారం: నెమలిగుండ్ల

గిద్దలూరు నుంచి రాచర్ల మండలం జె.పి.చెరువు, అది దాటాక నల్లమల. గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ అడవిలోంచి దిగొచ్చి ఇక్కడ గుండంలోకి దూకుతుంది. మయూర మహర్షి నెమలి రూపంలో ముక్కుతో తవ్విన గుండం అని కథ, అందుకే నెమలిగుండం. గట్టున రంగనాయకస్వామి గుడి.

ఎనిమిదికల్లా చేరితే స్నానానికి, దర్శనానికి ఇబ్బంది ఉండదు. పది తర్వాత ఆటోలు, ట్రాక్టర్లు వరసకడతాయి. గుండం దగ్గర తాడు కట్టిన హద్దు దాటొద్దు, పెంచలకోనలో చెప్పిందే ఇక్కడ రెండింతలు. పిల్లల్ని మెట్టు మీద కూర్చోబెట్టి చెంబుతో పోయాలి. పొంగళ్ళు పెట్టుకునేవాళ్ళు పొయ్యి మూడు రాళ్ళ మధ్యే వెలిగించి, లేచేటప్పుడు నిప్పుల మీద రెండు బిందెల నీళ్ళు పోసి, బూడిద కలిపి, చేయి పెట్టి చల్లబడిందో లేదో చూసుకోవాలి. మార్గశిరం దాటితే బోదగడ్డి ఎండిపోతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ప్లాస్టిక్ విస్తళ్ళు కాకుండా మోదుగాకు విస్తళ్ళు తెచ్చుకుంటే పారేసే బాధ కూడా ఉండదు. ఆకైనా సరే నీళ్ళలో వేయొద్దు.

యర్రగొండపాలెం వైపు నల్లమలలో ఉన్న పాలంక వీరభద్రస్వామిని కూడా ఈ యాత్రలో కలుపుదామని కొందరంటారు. కుదరదు. ఆ తిరునాళ్ళు తొలి ఏకాదశికి. దానికి ఆషాఢంలో వేరే ప్రయాణం పెట్టుకోవాలి.

పొద్దుగుంకాక నెమలిగుండ్లలో ఎవరూ ఉండరు. పూజారులతో సహా దిగిపోతారు. బండి లేనివాళ్ళు పొద్దున వచ్చిన ఆటోనే తిరుగు ప్రయాణానికీ మాట్లాడుకుని, డబ్బు సగమే ఇచ్చి, డ్రైవరు ఫోను నంబరు కాకుండా ఆటో నంబరు రాసుకోవాలి. అక్కడ ఫోను పలకదు. మూడింటికి గుడి ముందు చెట్టు కింద కలుద్దామని ముందే చెప్పుకుంటే, నాలుగున్నరకల్లా గిద్దలూరు స్టేషన్లో ఉంటారు.